ధవళేశ్వరం గీతలు, కంప్యూటరు తలుపులు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే లంక గ్రామాల వాళ్ళ చెవులన్నీ ధవళేశ్వరం కబురు మీదనే ఉంటాయి. అక్కడి ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండవది. 17.75 అడుగులకు మూడవది. ఈ మూడు అంకెలు కోనసీమలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు.

అసలు ఈ అంకెల వల్ల ఉపయోగం ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? అర్ధరాత్రి వేళ, వర్షం కురుస్తూ ఉండగా, నీరు గంట గంటకూ పెరుగుతూ ఉండగా, "ఎంత నీటికి హెచ్చరిక ఇద్దాం?" అని ఎవరూ కూర్చుని వాదించుకోనక్కర లేదు. మనసు నిలకడగా ఉన్న రోజున, తీరికగా ఆలోచించి పెట్టుకున్న అంకెలవి. సమయం వచ్చినప్పుడు వాటిని వాడుకోవడమే మిగిలిన పని.

ఇలా ముందుగా నిశ్చయించి, దాచి, మళ్ళీ మళ్ళీ వాడుకునే నిర్ణయాన్ని కంప్యూటరు ప్రపంచంలో "సేవ్ చేసిన సెట్టింగు" అంటారు. అలాంటి సెట్టింగులు కొన్నింటిని కలిపి ఒక పేరు పెడితే అది "ప్రొఫైలు" అవుతుంది. నెట్‌వర్కును తనిఖీ చేసే సాఫ్టువేరులో ఈ ప్రొఫైళ్ళు ఎలా తయారుచేస్తారో, అవి మనకు ఎలా మేలు చేస్తాయో, ఏమరుపాటుగా ఉంటే ఎలా మోసం చేస్తాయో ఇప్పుడు చూద్దాం.

మోరికి వచ్చిన తీగ

ముందుగా, నెట్‌వర్కు అంటే ఎక్కడో పెద్ద నగరాలకు సంబంధించిన సంగతి అనుకోకండి. జీడిపప్పుకు పేరుపడ్డ మోరి గ్రామం కోనసీమలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకం కింద 2016 డిసెంబరులో ఆ ఊరి ఇళ్ళకు ఇంటర్నెట్టు అందింది. నేల తవ్వి తీగలు పాతిపెట్టాలంటే ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ. అందుకని ఈ పథకంలో సన్నని గాజుపోగు తీగలను కరెంటు స్తంభాల మీదుగానే వేసుకుంటూ పోయారు. కరెంటు వెళ్ళిన దారినే కబురు కూడా వెళ్ళిందన్నమాట.

ఈనాడు డెల్టాలోని బడులు, బ్యాంకులు, ఆసుపత్రులు, పంచాయతీ కార్యాలయాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, అన్నీ ఏదో ఒక నెట్‌వర్కులో ఉన్నాయి. కాలువ తవ్వడంతో పని పూర్తి కాదని గోదావరి జిల్లాల వారికి వేరే చెప్పాలా? తవ్విన కాలువను రోజూ కనిపెట్టి చూడాలి. నెట్‌వర్కు కూడా అంతే.

తలుపు తట్టి చూడటం

సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఉన్నది 1982లో పూర్తయిన బ్యారేజి. దీనికి 175 గేట్లు ఉన్నాయి. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. కూడి చూడండి, సరిపోతుంది. ప్రతి గేటుకూ ఒక సంఖ్య ఉంటుంది కాబట్టి, ఫలానా గేటు ఎత్తి ఉన్నదా దించి ఉన్నదా అని అడగడం, చెప్పడం తేలిక.

కంప్యూటరుకు కూడా ఇలాంటి గేట్లు ఉన్నాయి. వాటిని "పోర్టులు" అంటారు. ఇవి చేతితో తాకగల వస్తువులు కావు, సంఖ్యలు మాత్రమే. ఒక్కొక్క కంప్యూటరుకు 1 నుంచి 65,535 వరకు ఉంటాయి. సురక్షితమైన వెబ్ పేజీలు 443వ తలుపు గుండా వస్తాయి. ఒక కంప్యూటరులోని ఫైళ్ళను మరొక కంప్యూటరు వాడుకోవడానికి విండోస్ యంత్రాలు 445వ తలుపు వాడతాయి. ప్రింటర్లు చాలావరకు 9100వ తలుపు దగ్గర కాగితం పని అందుకుంటాయి.

నెట్‌వర్కు స్కానింగు అంటే ఈ తలుపులను ఒక్కొక్కటిగా తట్టి చూడటం. కాలువగట్టు వెంట నడుస్తూ ఏ తూము తెరిచి ఉందో, ఏది మూసి ఉందో చూసుకుంటూ పోయే లస్కరు చేసే పని వంటిదే ఇది. తట్టినప్పుడు మూడు రకాల ఫలితాలు రావచ్చు. "రండి" అని జవాబు వస్తే ఆ తలుపు తెరిచి ఉన్నట్లు. "ఇక్కడ పని చేసేవారు లేరు" అని వస్తే మూసి ఉన్నట్లు. అసలు జవాబే రాకపోతే, మధ్యలో ఎవరో కాపలాదారు ఆ పిలుపును ఆపివేశాడని అనుకోవాలి. ఆ కాపలాదారును "ఫైర్‌వాల్" అంటారు.

తెరిచి ఉన్న తలుపు తప్పేమీ కాదు. అవసరం లేకుండా తెరిచి ఉన్న తలుపుతోనే ప్రమాదం. 2017 మే నెలలో "వన్నాక్రై" అనే హానికర సాఫ్టువేరు నూట యాభైకి పైగా దేశాలకు పాకింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు ఇమ్మని అడగడం దాని పని. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి దూకిన దారి ఆ 445వ తలుపే. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. సవరణ వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. తమ నెట్‌వర్కులో ఏ యంత్రానికి ఆ తలుపు తెరిచి ఉందో ముందే తెలుసుకున్నవారు ముందే జాగ్రత్తపడగలిగారు.

ఎన్ని తలుపులు, ఎంత పని?

ఒక బడిలో 20 కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క దాంట్లో 100 తలుపులు చూస్తే మొత్తం 2,000 సార్లు తట్టాలి. 1,000 తలుపులు చూస్తే 20,000 సార్లు. అన్నీ చూడాలంటే 13,10,700 సార్లు! మనిషి చేసే పని కాదు. దీనికోసమే స్కానింగు సాఫ్టువేర్లు వచ్చాయి.

వాటిలో బాగా పేరుపొందినది "ఎన్‌మ్యాప్". గోర్డన్ లయన్ అనే అమెరికా ప్రోగ్రామరు 1997 సెప్టెంబరులో దీనిని ప్రపంచానికి అందించాడు. ఇది ఉచితంగా దొరుకుతుంది. అయితే దీనికి ఆజ్ఞలను అక్షరాలలో రాసి ఇవ్వాలి. ఏ తలుపులు తట్టాలి, ఎంత వేగంగా తట్టాలి, ఏ యంత్రాలను వదలాలి, ఇలా ఒక్కొక్క విషయానికీ ఒక్కొక్క గుర్తు రాయాలి. ఒక్క అక్షరం తప్పుపడితే అడిగిన ప్రశ్నే మారిపోతుంది. ఈ ఇబ్బంది తగ్గించడానికి 2007 నుంచి ఎన్‌మ్యాప్‌తో పాటు "జెన్‌మ్యాప్" అనే బొమ్మల తెర కూడా వస్తోంది. అందులోనే ఉంది మన ప్రొఫైళ్ళ పెట్టె.

పెట్టెలో ముందే ఉన్న పది

జెన్‌మ్యాప్ తెరవగానే పది ప్రొఫైళ్ళు సిద్ధంగా కనిపిస్తాయి. "పింగ్ స్కాన్" తలుపులు తట్టదు. ఏయే యంత్రాలు మేలుకుని ఉన్నాయో మాత్రం చూస్తుంది. "క్విక్ స్కాన్" సాధారణంగా ఎక్కువ వాడుకలో ఉన్న 100 తలుపులను గబగబా చూస్తుంది. "ఇంటెన్స్ స్కాన్" 1,000 తలుపులు చూసి, లోపల ఏ సాఫ్టువేరు పని చేస్తోందో కూడా ఆరా తీస్తుంది. అన్ని తలుపులనూ తట్టే ప్రొఫైలు కూడా ఒకటి ఉంది. దానికి ఓపిక కావాలి.

వీటిలో దేనిని ఎంచుకున్నా, దాని వెనక ఉన్న ఆజ్ఞ పూర్తిగా తెర మీద కనిపిస్తుంది. ఇది మంచి ఏర్పాటు. ప్రొఫైలు పేరు చదివి ఊరుకోక, అది నిజంగా ఏమి చేయబోతోందో చూసుకోవచ్చు. మందు సీసా మీద పేరుతో పాటు లోపల ఉన్న పదార్థాలు కూడా చదవడం లాంటిదిది.

మన ప్రొఫైలు మనమే చేసుకుందాం

బడిలోని కంప్యూటర్లలో 445వ తలుపు ఎక్కడెక్కడ తెరిచి ఉందో వారానికి ఒకసారి చూడాలనుకున్నాం. ప్రతివారం ఆజ్ఞ రాయకుండా ప్రొఫైలు చేసుకుందాం.

పై వరుసలో "ప్రొఫైల్" అనే మాట నొక్కి "న్యూ ప్రొఫైల్ ఆర్ కమాండ్" ఎంచుకోవాలి. ఒక కిటికీ తెరుచుకుంటుంది. మొదట పేరు అడుగుతుంది. "పరీక్ష1", "కొత్తది" వంటి పేర్లు పెట్టకండి. ఆరు నెలల తరువాత అవేమిటో మీకే గుర్తుండదు. "ల్యాబు - 445 - జూన్" అని పెడితే ఎక్కడ, ఏమి, ఎప్పుడు అనే మూడు సంగతులూ పేరులోనే ఉంటాయి. పేరు కింద వివరణ రాసే చోటు ఉంటుంది. ఎందుకు చేశామో అక్కడ రెండు వాక్యాలు రాయాలి. చాలామంది దీనిని ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ వల్ల వచ్చే చిక్కు కాసేపట్లో చూస్తారు.

తరువాతి పేజీలలో తట్టే పద్ధతి, వేగం, తలుపుల సంఖ్యలు, వదిలివేయవలసిన చిరునామాలు వంటివి ఉంటాయి. ఒక్కొక్క దాని మీద మౌసు ఉంచితే దాని అర్థం పక్కన కనిపిస్తుంది. తలుపుల గడిలో 445 అని వేసి దాచితే సరి. యంత్రాల చిరునామాలను ప్రొఫైలులో రాయడం తప్పనిసరి కాదు. ఆ గడి ఖాళీగా ఉంచి, స్కాను చేసేటప్పుడే ఇస్తే ఒకే ప్రొఫైలును ల్యాబుకూ, ఆఫీసు గదికీ వాడుకోవచ్చు.

ఈ ప్రొఫైళ్ళన్నీ మీ ఫోల్డరులో ఒక సాదా అక్షరాల ఫైలుగా ఉంటాయి. దానికి నకలు తీసి పెట్టుకుంటే కంప్యూటరు పాడైనా ప్రొఫైళ్ళు పోవు. అయితే ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవగలరు కనుక రహస్యపదాలు అందులో ఎన్నడూ రాయకూడదు.

ఒకే కొలత ఎందుకు?

శ్రమ తగ్గడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది.

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు పెరిగింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ముప్ఫయి ఆరేళ్ళ తేడాతో వచ్చిన రెండు వరదలను మనం ఇలా పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతున్నాం. ఎందువల్ల? అదే చోట, అదే కొలతతో చూశాం కనుక. ఒకసారి ఒక రేవులోను, మరొకసారి వేరొక రేవులోను కొలిచి ఉంటే ఆ రెండు అంకెలకూ పొంతన ఉండేది కాదు.

స్కానింగు కూడా ఇంతే. జూన్‌లో 1,000 తలుపులు, జూలైలో 100 తలుపులు చూసి, "తెరిచి ఉన్న తలుపులు తగ్గాయి" అంటే అది తప్పుడు లెక్క. తలుపులు తగ్గలేదు, చూడటం తగ్గింది. ఒకే ప్రొఫైలుతో రెండుసార్లు చూసినప్పుడే తేడాకు అర్థం ఉంటుంది. జెన్‌మ్యాప్‌లో రెండు స్కానుల ఫలితాలను పక్కపక్కన పెట్టి తేడాలను రంగులతో చూపే ఏర్పాటు కూడా ఉంది. సైన్సు ల్యాబులో ప్రయోగం చేసేటప్పుడు ఒక్కదానిని మార్చి మిగిలినవన్నీ అలాగే ఉంచమని మాష్టారు చెబుతారు కదా! అదే సూత్రం.

ప్రింటరు చిక్కు

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం. ఒక ఊహ చేయండి.

మన ల్యాబులో ఒక పాత ప్రింటరు ఉంది. దాని చిరునామా 192.168.1.50. కొన్ని ప్రింటర్లకు ఒక అలవాటు ఉంది. 9100వ తలుపు దగ్గర ఏమి అందినా అది అచ్చు వేయవలసిన పని అనుకుంటాయి. లోపల ఏ సాఫ్టువేరు ఉందో తెలుసుకుందామని స్కానరు పంపిన ప్రశ్నను కూడా కాగితం మీద అచ్చువేసి ఇస్తాయి! ఈ సంగతి తెలిసే, సాఫ్టువేరు ఆరా తీసేటప్పుడు ఎన్‌మ్యాప్ 9100 నుంచి 9107 వరకు ఉన్న తలుపులను మామూలుగా వదిలివేస్తుంది. మనం ఇంకా జాగ్రత్త కోసం 192.168.1.50 చిరునామానే వదిలివేయమని ప్రొఫైలులో రాసి దాచాం. వివరణ రాయలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ల్యాబులో చిరునామాలు ఎవరూ శాశ్వతంగా రాసి ఇవ్వరు. నెట్‌వర్కు పెట్టెయే వచ్చిన యంత్రానికల్లా ఖాళీగా ఉన్న చిరునామాను కొంతకాలానికి అద్దెకు ఇస్తుంది. సెలవుల్లో ప్రింటరు ఆపి ఉంచారు. తిరిగి పెట్టినప్పుడు దానికి 60వ చిరునామా దొరికింది. పాత 50వ చిరునామా కొత్తగా వచ్చిన ఒక కంప్యూటరుకు దక్కింది. ఆ కంప్యూటరుకు 445వ తలుపు బార్లా తెరిచి ఉంది.

ఇప్పుడు స్కాను చేస్తే ఏమి జరుగుతుంది? ప్రొఫైలు తనకు చెప్పినట్లే 50వ చిరునామాను వదిలేసింది. "ఎక్కడా 445 తెరిచి లేదు" అని ఫలితం వచ్చింది. అందరూ నిశ్చింతగా ఉన్నారు. సాఫ్టువేరు చెడిపోలేదు. ప్రొఫైలూ చెడిపోలేదు. నిన్నటి లోకానికి సరిపోయిన నిర్ణయం నేటి లోకం మీద పని చేసింది, అంతే. సేవ్ చేసిన సెట్టింగు మన తెలివిని ఎలా దాచుతుందో మన మరపును కూడా అలాగే దాచుతుంది.

పాత ఆనకట్ట నాటి తనిఖీ జాబితా పట్టుకుని కొత్త బ్యారేజి మీద నడిచే మనిషిని ఊహించుకోండి. జాబితాలో ఉన్న ప్రతి అంశానికీ ఎదురుగా "సరి" అని గీత గీయగలడు. జాబితాలో లేని గేట్ల మాట?

మార్చడమా, నకలు తీయడమా?

అయితే ప్రొఫైలును ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోదామా? అలా చేస్తే పోలిక పోతుంది. మార్చకుండా ఉంటే గుడ్డితనం మిగులుతుంది. ఈ చిక్కుకు ఉపాయం ఉంది.

పాతదానిని దిద్దకుండా, దాని నుంచి కొత్తది పుట్టించాలి. పాత ప్రొఫైలును ఎంచుకుని "న్యూ ప్రొఫైల్ ఆర్ కమాండ్" నొక్కితే పాతదానిలోని సెట్టింగులన్నీ కొత్తదానికి వస్తాయి. కావలసినవి మార్చి, "ల్యాబు - 445 - డిసెంబరు" అని కొత్త పేరుతో దాచాలి. అసలుది చెక్కుచెదరదు. "ఎడిట్ సెలెక్టెడ్ ప్రొఫైల్" నొక్కితే మాత్రం ఉన్నదే మారుతుంది. అక్షర దోషాలు దిద్దడానికే దానిని వాడటం మంచిది. తీసివేసే మీట కూడా ఆ కిటికీలోనే ఉంది. నొక్కగానే ఒకసారి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదివి మరీ ముందుకు పోవాలి.

మారిన మొదటి రోజున పాత, కొత్త ప్రొఫైళ్ళు రెండింటినీ నడిపించండి. అప్పుడు కొత్త ఫలితంలో కనిపించే తేడా నెట్‌వర్కు మారినందువల్ల వచ్చిందా, మన చూపు మారినందువల్ల వచ్చిందా అనేది తేలిపోతుంది.

ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు, లాకులకూ తూములకూ మరమ్మతులు చేస్తారు. నీరు పారుతున్నప్పుడు ఆ పని కుదరదు. ప్రొఫైళ్ళకు కూడా అటువంటి రోజు ఒకటి ఏర్పాటు చేసుకోవాలి. ఒక్కొక్క దానినీ తెరిచి మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఎందుకు చేశాం? ఇది ఏమి చూడటం లేదు? వదిలివేయమన్న చిరునామాలో ఇప్పుడు ఎవరున్నారు?

తట్టే ముందు అనుమతి

ఒక ముఖ్యమైన మాట. ఎదురింటి తలుపులన్నీ అర్ధరాత్రి తట్టి చూస్తే ఎవరూ ఊరుకోరు. మీది కాని నెట్‌వర్కును యజమాని అనుమతి లేకుండా స్కాను చేయకూడదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి ప్రవేశించడం 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టానికి విరుద్ధం. దుర్బుద్ధితో చేస్తే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. బడి ల్యాబులో అయితే మాష్టారి అనుమతి తీసుకోండి. ప్రొఫైలు ఒకసారి దాచి ఉంచినంత మాత్రాన అనుమతి కూడా దానితో పాటే దాచుకున్నట్లు కాదు.

మీరే చేసి చూడండి

మీ మాష్టారిని పక్కన ఉంచుకుని, మీ సొంత కంప్యూటరు మీదనే ఈ ప్రయోగం చేయవచ్చు. ఏ కంప్యూటరుకైనా తనను తాను పిలుచుకునే చిరునామా ఒకటి ఉంటుంది. అది 127.0.0.1.

పైథాను భాషతో పాటు ఒక చిన్న వెబ్ సర్వరు వస్తుంది. ఒక ఖాళీ ఫోల్డరులో దానిని 8000వ తలుపు మీద నడిపించండి. జెన్‌మ్యాప్‌లో క్విక్ స్కాన్ చేస్తే ఆ తలుపు తెరిచి ఉన్నట్లు కనిపిస్తుంది. ఇప్పుడు సర్వరును ఆపి, అదే సర్వరును 47000వ తలుపు మీద నడిపించండి. క్విక్ స్కాన్ మళ్ళీ చేయండి. కనిపించదు! ఎందుకంటే దాని నూరు తలుపుల జాబితాలో 47000 లేదు. ఆ తరువాత అన్ని తలుపులూ చూసే ప్రొఫైలుతో చేయండి. అప్పుడు దొరుకుతుంది. ప్రయోగం కాగానే సర్వరు ఆపడం మరచిపోకండి.

మూడు ఫలితాలనూ నోటుబుక్కులో రాసుకోండి. రెండవ ఫలితం కింద "తెరిచిన తలుపు లేదు" అని రాయాలా, "నేను చూసిన నూటిలో తెరిచిన తలుపు లేదు" అని రాయాలా? ఆ రెండు వాక్యాలకూ ఉన్న తేడా తెలిసినవారి చేతిలోనే ప్రొఫైలు మంచి పనిముట్టు అవుతుంది.